ఈపొద్దు ఏం కూర?

ముస్లింల గురించి రాయమంటే గాయాల గురించే రాయాలనే రివాజు ఒకటి పడిపోయింది. ఆ రివాజు ఊరికే పడలేదు, గాయాలున్నాయి గనక పడింది. కానీ ఎవరూ ఇరవై నాలుగ్గంటలూ గాయంలో బతకరు. దెబ్బతిన్నవాడు కూడా మధ్యాహ్నం అన్నం తింటాడు. తిన్నాక చేతికంటిన మసాలా వాసన చూసుకుంటాడు. పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని ఆఖరి ముద్ద దాని నోట్లో పెడతాడు. ఎక్కడో దూరాన ఉన్న దోస్తుకు ఆ సంగతి చెప్పాలనుకుంటాడు. ఇట్లా చెప్పుకోవడం రాయదగ్గ విషయమేనా? 1992 తర్వాత, 2002 తర్వాత, ఇన్ని జరిగాక, అస్తిత్వం గురించిన పుస్తకంలో పితికిపప్పు గురించీ రంజాన్ గంజి గురించీ రాయడమంటే, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు కాదా? ఈ ప్రశ్న మా వాళ్ళే మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పుకోవాలి.

మాది పలమనేరు. చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద, మొగిలి ఘాట్ ఎక్కాక వచ్చే ఊరు. ఇటు పోతే ముళబాగిలు, కర్ణాటక. అటు కుప్పం దాటితే తమిళనాడు. సంతలో ఒక మూల నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం, అరవం నాలుగూ చెవిన పడతాయి. మా ఉర్దూ విని హైదరాబాదు వాళ్ళు నవ్వుతారు. మా తెలుగు విని కోస్తా వాళ్ళు నవ్వుతారు. రెండు నవ్వులూ మాకు అలవాటే. ఈ నాలుగు భాషల్లోనూ మనిషికి మనిషి ఎదురైతే అడిగే మాట మాత్రం ఒక్కటే. "ఏం కూర?" మా ఇళ్ళల్లో "క్యా పకాయె?" బాగున్నారా అని అడగడం మా పక్క కొంచెం పరాయితనం. బాగున్నారా అంటే బాగున్నామనే చెప్పాలి, వేరే జవాబు లేదు. ఏం కూర అంటే మాత్రం నిజం చెప్పాలి.

ఆ నిజంలో ఇల్లంతా ఉంటుంది. "ఊరిబిండి" అంటే నెలాఖరు. "కోడి కోసినాం" అంటే అల్లుడొచ్చాడు. "మిరియాల చారు" అంటే ఎవరికో జ్వరం. "ఏముందిలే, సంగటీ మజ్జిగా" అని గొంతు తగ్గించి చెబితే మొగుడూపెళ్ళాలు మాట్లాడుకోవడం లేదని అర్థం. అడిగినవాళ్ళు ఇంకేమీ అడగరు. సాయంత్రానికి ఒక గిన్నెలో ఏదో వస్తుంది. చెయ్యి చాచకుండా కష్టం చెప్పుకోవడానికి, జాలి చూపకుండా సాయం చేయడానికి పేదవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. దీని ముందు మా పత్రికల వాళ్ళ ఇంటర్వ్యూ ప్రశ్నలు ఎందుకూ పనికిరావు.

ఎదురెదురుగా ఉన్నప్పుడు సరే. దూరంగా ఉన్నవాళ్ళు ఈ మాట ఎందుకు అడుగుతారు? మా బడి జతగాళ్ళు ఇప్పుడు ఒక చోట లేరు. రోడ్డు పక్కన మట్టిబొమ్మలు చేసే కుమ్మరింటి వాడు బెంగళూరులో ఉన్నాడు. ఒకడు అమెరికాలో డాలస్ దగ్గర. ఇద్దరు కువైట్‌లో. మదనపల్లెలో ఒకడున్నాడు, 2022లో జిల్లాలు చీల్చినప్పుడు వాడి ఊరు చిత్తూరు జిల్లాలో లేకుండా పోయింది, అదొక కొత్త దూరం. వీళ్ళందరూ ఫోన్ చేసి మొదట అడిగేది ఏం కూర అనే. మేము వండింది వాళ్ళు తినలేరు. గిన్నె పంపలేరు. అడిగి వాళ్ళకు ఒరిగేదేమీ లేదు, నోరూరడం తప్ప. అయినా అడుగుతారు.

స్నేహం గురించి బాగా ఆలోచించిన పాతకాలపు మనిషి అరిస్టాటిల్. నికోమేకియన్ ఎథిక్స్‌లో ఆయన స్నేహాన్ని మూడు రకాలు చేశాడు. అవసరం కోసం చేసేది, సరదా కోసం చేసేది, అవతలి మనిషి మంచి మనిషని, అతని మేలు కోరి చేసేది. దూరం స్నేహాన్ని తెంపదు గానీ దాని పని ఆపేస్తుందని, ఎడబాటు మరీ సాగితే మరిచిపోయేట్టు చేస్తుందని కూడా అన్నాడు. మనుషులు కలిసి బతకడమంటే మాటల్నీ ఆలోచనల్నీ పంచుకోవడమేననీ, పశువులు ఒకే చోట మేసినట్టు కాదనీ అన్నాడు. మాకు ఈ మాట చదివినప్పుడల్లా ఒకే బీట్లో తలలొంచి మేసే పుంగనూరు పొట్టి ఆవులు గుర్తొస్తాయి. పెద్దాయన చెప్పిందాంట్లో సగం మేము ఒప్పుకుంటాం. సగం ఒప్పుకోం. తిండిని ఆయన పశువుల వైపు తోసేశాడు. కానీ తిన్నదాన్ని దూరంగా ఉన్నవాడికి చెప్పినప్పుడు అది మేత కాదు, మాటే. అవసరమూ లేక, తినే సరదా కూడా లేక, వాడు తిన్నాడా లేదా అన్న ఒక్కదాని కోసం అడిగే ప్రశ్న ఆయన మూడో రకంలోకి రాకపోతే ఇంకేది వస్తుంది?

మా మతంలో ఒక మాట ఉంది. ప్రవక్త తన సహచరుడు అబూజర్‌కు చెప్పినట్టుగా సహీ ముస్లింలో ఉంది. మాంసం చారు వండినప్పుడు నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి పొరుగువాళ్ళను గుర్తుంచుకోమని. మాంసం ఎక్కువ వెయ్యమనలేదు చూడండి. నీళ్ళు పొయ్యమన్నాడు. అది బీదవాడికి కూడా చేతనవుతుంది. పొరుగువాడు మనవాడై ఉండాలని షరతు కూడా పెట్టలేదు. మరి పొరుగువాడు కువైట్‌కు పోతే ఏం చెయ్యాలి? అక్కడిదాకా ఏ చారూ పోదు. పోయేది మాట ఒక్కటే. దూరపు పొరుగుకు మాటే చారులో నీళ్ళు.

ఇది మాకు పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. మేము ఐదో క్లాసు నుంచే వీధికంతా రాయసగాళ్ళం. మా పక్క నుంచి, రాయచోటి, మదనపల్లె పక్క నుంచి కువైట్‌కు పోయినవాళ్ళు చాలామంది. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు అరబ్బు ఇళ్ళల్లో ఖద్దామాలుగా పోయేవాళ్ళు. హిందువులూ పోయేవాళ్ళు, ముస్లింలూ పోయేవాళ్ళు. అక్కణ్ణించి వచ్చే ఉత్తరాలు చదవడానికి, జవాబులు రాయడానికి ఇంట్లో చదువొచ్చిన పెద్దవాళ్ళు ఉండరు. మాకు రెండు భాషలూ వచ్చు గనక ఒక ఇంట్లో ఉర్దూలో, పక్కింట్లో తెలుగులో రాసేవాళ్ళం. కూలి ఒక బెల్లం ముక్క, పండగైతే ఒక గిన్నె సేమ్యా.

ఆ ఉత్తరాల్లో ప్రేమ అనే మాట ఎప్పుడూ మేము రాయలేదు. రాయించేవాళ్ళకు సిగ్గు. పదేళ్ళ పిలకాయ చేత మొగుడికి ఏం రాయిస్తారు? అటువైపు కూడా ఎవరో చదివి వినిపించాలి. అందుకని ప్రేమంతా కూరల మీద పోయేది. "నీకిష్టమని వంకాయ చేసినా. మింగుడు పడక చిన్నమ్మోళ్ళకు ఇచ్చేసినా." ఇంతే వాక్యం. మేము మామూలుగా రాసుకుంటూ పోయేవాళ్ళం. అదేమిటో పెళ్ళయ్యాక గానీ మాకు అర్థం కాలేదు. "అనపకాయలు మంచుకు తడిసి బలే వాసనగా ఉండాయి, నువ్వుంటే పితికేవాడివి" అని ఒకామె రాయించింది. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున అందరూ చుట్టూ కూచుని ఒక్కొక్క గింజా వేళ్ళ మధ్య పితికితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది. ఒకరి వల్ల అయ్యే పని కాదు. మాటలు లేకుండా అయ్యే పని కూడా కాదు. అత్తాకోడళ్ళు, మరుదులు, పక్కింటివాళ్ళు అందరూ కూచోవాలి. ఆ చుట్టులో ఒకచోట ఖాళీ ఉందని చెప్పడమే ఆ వాక్యం.

ఇక్కడొక చిక్కుంది. అవతలివాడికి లేని సుఖాన్ని వాడికి వర్ణించి చెప్పడం మంచిపనేనా? ఎడారిలో ఖుబూస్ రొట్టె తిని పడుకునేవాడికి పితికిపప్పు సంగతి రాస్తే వాడికి ఆనందమా, చిత్రహింసా? వీధిలో ఇద్దరు ముసలమ్మలకు దీని మీద పెద్ద వాదం జరిగేది. ఒకామె ఏదీ రాయొద్దనేది, పిల్లోడు బెంగటిల్లుతాడని. రెండో ఆమె అన్నీ రాయమనేది. "రాయకపోతే మనం లేమనుకుంటాడు" అనేది. మేము రెండో ఆమె వైపే. ఇంట్లో పొయ్యి వెలుగుతోందని తెలియడమే దూరాన ఉన్నవాడికి బలం. తను పంపిన దీనార్లే ఆ పొయ్యి కింద మండుతున్నాయి గదా.

అయితే అబద్ధాలు కూడా పోయేవి. ఇక్కడ గంజి తాగిన రోజు "మటన్ చేసినాం" అని రాయించేవాళ్ళు. అక్కడ దెబ్బలు తిన్న ఆడమనిషి "సేటమ్మ కూతురిలా చూసుకుంటుంది, రోజూ కోడి" అని రాయించేది. ఇద్దరూ ఒకరికొకరు లేని విందు వడ్డించుకునేవాళ్ళు. ఇది దయ అని లోకం అంటుంది. మాకు మనసు ఒప్పదు. గంజి అని చెబితే అవతలివాడు నీళ్ళు పోసేవాడేమో, ఏదో చేసేవాడేమో. మటన్ అని చెప్పి వాడికి ఆ అవకాశమే లేకుండా చేశాం. సుఖం మాత్రమే పంచుకునే స్నేహం సగం మూసిన తలుపు లాంటిది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఈ ఉత్తరాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మన దేశం అమ్మాన్ నుంచి విమానాలు నడిపి లక్షన్నరకు పైగా మనుషుల్ని తీసుకొచ్చింది. మా వీధికి తిరిగొచ్చిన ఒకామెను చూసి అందరూ ఏడుస్తుంటే, రోజూ కోడి తిన్న మనిషి ఇట్లా ఎముకల గూడైందేమిటని ఒక్క ముసలామె మాత్రం అడిగింది. అప్పుడు తెలిసింది ఆమె మూడేళ్ళుగా రాయించిన కోళ్ళ కథ.

ఇంత చిన్న సంగతుల గురించి పెద్ద మనుషులు కూడా రాశారా అని సెక్యులర్ మిత్రులు అడగొచ్చు. మౌలానా ఆజాద్ రాశాడు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం అయిన మర్నాడే కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆయన్ను పట్టుకుపోయి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. అక్కడ కూచుని దూరాన ఉన్న దోస్తు హబీబుర్రహ్మాన్ ఖాన్ షెర్వానీకి ఉత్తరాలు రాశాడు. అవి పోస్టు కావని తెలుసు. తెలిసే రాశాడు. 1946లో అవే 'గుబారె ఖాతిర్' పుస్తకమయ్యాయి. స్వాతంత్ర్య పోరాటం గురించి ఉంటుందని తెరిచినవాడికి అందులో చాయ్ కనిపిస్తుంది. తెల్లవారకముందే లేచి తనే కాచుకునే చైనా మల్లెపూల తెల్ల చాయ్. పాలూ చక్కెరా కలిపి దాన్ని పాడుచేసేవాళ్ళ మీద కోపం. గదిలో గూడు పెట్టిన పిచ్చుకలతో యుద్ధం, తర్వాత వాటితో స్నేహం. మేము బి.ఏ. చదివే రోజుల్లో మొదటిసారి చదివి చికాకు పడ్డాం. బయట బెంగాల్లో జనం ఆకలికి చస్తున్న కాలం అది. ఈయనకు చాయ్ గోలేమిటి అనుకున్నాం.

తర్వాత అదే పుస్తకంలో ఇంకో ఉత్తరం వచ్చింది. 1943 ఏప్రిల్‌లో కలకత్తాలో ఆయన భార్య జులేఖా బేగం చనిపోయింది. జబ్బు సంగతి తెలిసినా ఆయన విడుదల కోసం ప్రభుత్వాన్ని ప్రాధేయపడలేదు. చివరిచూపు దక్కలేదు. ఆ సంగతి కూడా ఆ దోస్తుకే, ఆ చేత్తోనే రాశాడు. చాయ్ గురించి రాయించుకోలేని దోస్తుకు ఆ ఉత్తరం రాయగలిగేవాడా అని మేము చాలాసార్లు ఆలోచించాం. రాయలేడనే మా అభిప్రాయం. పెద్ద దుఃఖం చెప్పుకోవడానికి దారి ఒక్కరోజులో పడదు. చాయ్ మాటలతో, పిచ్చుక మాటలతో రోజూ నడిచి నడిచి ఆ దారి పడుతుంది. గాలిబ్ కూడా అంతే. 1857 తర్వాత ఢిల్లీ శవాల దిబ్బయ్యాక, ఆయన దూరాన ఉన్న దోస్తులకు ఉత్తరాలు రాసుకుంటూ బతికాడు. హర్‌గోపాల్ అనే హిందూ శిష్యుణ్ణి మీర్జా తఫ్తా అని పిలుచుకున్నాడు. ఆ ఉత్తరాల్లో పెన్షన్ రాలేదన్న బాధా, కారుతున్న ఇంటికప్పూ, మామిడిపళ్ళ మీద మోజూ పక్కపక్కనే ఉంటాయి.

అంత దూరం పోనక్కరలేదు. మా మదనపల్లెనే చూడండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీకి అతిథిగా వచ్చాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ నుంచి వచ్చిన కవి. సాయంత్రం కూటంలో, పిల్లలూ పంతుళ్ళూ చుట్టూ ఉండగా, టాగోర్ జనగణమన పాడాడు. కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసుకుంది. ఫిబ్రవరి 28న టాగోర్ దాన్ని అక్కడే ఇంగ్లీషులోకి మార్చాడు. దోస్తుల ఇంట్లో అతిథి పాడిన పాట అది. ఆ సాయంత్రం ఎవరూ ఎవరి ముఖం వంకా చూసి, వీడు పాడుతున్నాడా లేదా, నిలబడ్డాడా లేదా అని లెక్క రాసుకోలేదు. ఇప్పుడు మా పిల్లలు బడిలో అదే పాట పాడేటప్పుడు కొందరు పెదాలు గమనిస్తున్నారు. పాట మారలేదు. వినేవాడు మారాడు.

ప్రశ్న కూడా అట్లాగే మారుతుంది. ఉత్తరప్రదేశ్‌లో దాద్రీ దగ్గర బిసాడా అనే ఊళ్ళో 2015 సెప్టెంబరు 28 రాత్రి ముహమ్మద్ అఖ్లాక్ ఇంటి మీదకు గుంపు వచ్చింది. బక్రీద్ అయి మూడు రోజులు. ఆ ఇంట్లో ఆవుమాంసం ఉందని పుకారు. కొట్టి చంపారు. ఆయన కొడుకొకడు వాయుసేనలో ఉద్యోగి, దూరాన చెన్నైలో ఉన్నాడు. తర్వాత పోలీసులు మాంసాన్ని పరీక్షకు పంపారు. చచ్చిపోయిన మనిషి ఏం కూర తిన్నాడో ప్రయోగశాల తేల్చాలి! ఈ దేశం ఆ ఇంటిని అడిగింది కూడా "ఏం కూర?" అనే. మా పలమనేరు సంతలో అడిగే మాటే అది, ఒక్క అక్షరం తేడా లేదు. అప్పటి నుంచి మా ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళు, రైల్లో టిఫిన్ డబ్బా తెరిచేటప్పుడు పక్కన ఎవరు కూచున్నారో చూసి తెరుస్తున్నారు.

ఇప్పుడు మా వాళ్ళు మమ్మల్ని అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాం. తిండి మాట చిన్నదా పెద్దదా అని కాదు చూడాల్సింది. అడిగేవాడు తినడానికి అడుగుతున్నాడా, పట్టుకోడానికి అడుగుతున్నాడా, లేక మనం తిన్నామా లేదా తెలుసుకోడానికి అడుగుతున్నాడా అన్నది చూడాలి. పట్టుకోడానికి అడిగేవాడు దాద్రీలో ఉన్నాడు. తినడానికి అడిగేవాళ్ళు మనందరికీ తెలుసు. రంజాన్ వచ్చిందంటే "ఏం సాయిబూ, బిర్యానీ ఎప్పుడు?" అంటారు. మిగతా పదకొండు నెలలూ కనపడరు. ఇఫ్తార్ విందుకొచ్చి, ఎవరిదో టోపీ పెట్టుకుని, ఖర్జూరం నోట్లో పెట్టుకుని ఫోటో దిగే నాయకులు ఈ బాపతే. ఇళ్ళు కూల్చే రోజున వాళ్ళకు ఖర్జూరం రుచి గుర్తుండదు. మా ఆత్మాభిమానమున్న కుర్రాళ్ళు బిర్యానీ మాటెత్తితేనే మండిపడటం ఇందుకే. వాళ్ళ కోపంతో మాకు పేచీ లేదు.

కానీ ఆ కోపంలో మూడో మనిషిని పోగొట్టుకోకూడదని మా బాధ. మా ఇంటి పక్కన ఒక అవ్వ ఉండేది. మా ఇంట్లో చేసింది ఆమె తినదు. మడి. పండక్కి మేము బియ్యమూ పప్పూ బెల్లమూ నెయ్యీ పచ్చి సరుకులుగా ఒక తట్టలో పెట్టి పంపేవాళ్ళం, ఆమె తన ఇంట్లో వండుకునేది. దీన్ని కులతత్వమనొచ్చు, కాదనం. దూదేకులవాళ్ళ ఇంటి పెళ్ళిలో చెయ్యి కడుక్కోడానికి మొహమాటపడిన షేకులూ సయ్యదులూ మా వీధిలోనూ ఉన్నారు గనక ఆమెను వేలెత్తి చూపే హక్కు మాకు అంతగా లేదు. అయితే ఆ తినని అవ్వే రోజూ సాయంత్రం గోడ మీంచి "ఈపొద్దు ఏం చేసినారమ్మా?" అని అడిగేది. తినేది లేదు, చూసేది లేదు. ఉపవాసాల నెలలో అయితే ఇంకోసారి అడిగేది, పిలకాయలు కూడా పస్తుంటున్నారేమో అని. గోడ ఇవతల ఉన్నా, ఆచారం ప్రకారం చూస్తే ఆమె కూడా మాకు దూరపు స్నేహితురాలే.

1992 డిసెంబరు సంగతి ఒకటి చెప్పాలి. మా అన్నకు ప్రాణమిత్రుడొకడు తిరుపతిలో హాస్టల్లో ఉండి చదివేవాడు. వారానికొక ఇన్‌లాండ్ ఉత్తరం. అటూ ఇటూ అన్నీ ఇవే సంగతులు, హాస్టల్ సాంబారు, మా అమ్మీ చేసే దాల్చా, వాడి చెల్లెలి పెళ్ళిచూపులు. డిసెంబరు 6 తర్వాత వచ్చిన ఉత్తరంలో కూడా సాంబారే ఉంది. మసీదు గురించి ఒక్క ముక్క లేదు. చివర ఎప్పటిలాగే, అమ్మీ ఏం చేసింది అని ఉంది. అన్న ఆ కాగితాన్ని నలిపి పారేశాడు. అది రాయలేనివాడు ఇది మాత్రం ఎందుకు రాయాలి అన్నాడు. అబ్బా దాన్ని ఏరి సాపు చేశాడు. ఏం రాయాలో తెలియక తెలిసింది రాసినాడు, పిల్లోడు గదా అన్నాడు. రెండు రోజులు ఇంట్లో ఇదే వాదం. అమ్మీ మాత్రం ఒకే మాట అంది. అడిగినాడు గదా, చెప్పు అంది. అన్న జవాబు రాశాడు. అందులో ఒకటే వాక్యం. "ఆరో తేదీ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు."

వాడు సంక్రాంతికి ఊరికొచ్చి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అమ్మీ అన్నం పెట్టింది, తిన్నాడు. తర్వాత కూడా మసీదు గురించి వాడు గొప్ప మాటలేమీ చెప్పలేదు. చెప్పే రకం కాదు. కానీ ఆ తర్వాత ఉత్తరాల్లో ఎక్కడ ఏ ఊళ్ళో గొడవ జరిగినా, సాంబారు కంటే ముందు "ఇంట్లో పొయ్యి వెలిగిందా?" అని అడిగేవాడు. ఇప్పటికీ అడుగుతాడు. వాడికి యాభై దాటాయి.

మా అన్న అన్నదే సరైనదని మేము ఇప్పటికీ అనుకుంటాం. పెద్ద మాట చెప్పుకోలేని చోట చిన్న మాట లంచం అవుతుంది. నోరు మూసుకోడానికి ఇచ్చే లంచం. దాన్ని లంచం కాకుండా చేసింది మాత్రం అమ్మీ. పొయ్యి వెలగలేదన్న మాటను కూడా ఏం కూర అన్న ప్రశ్నకు జవాబుగానే చెప్పొచ్చని ఆమెకు తెలుసు. సెక్యులర్ మిత్రులు మాతో సభలు పెడతారు, తీర్మానాలు చేస్తారు. మేలు. కానీ మా ఇంట్లో ఏ రోజు పొయ్యి వెలగలేదో తెలిసినవాళ్ళు వాళ్ళల్లో ఎంతమంది? మేము కూడా వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగని రోజుల్ని ఎన్ని అడిగాం?

ఈ మధ్య సంగతితో ముగిస్తాం. బెంగళూరులో ఉన్న మా కుమ్మరింటి దోస్తు కొంతకాలంగా మారాడు. పొద్దున ఫోన్‌లో మా వాళ్ళ మీద విషం కక్కే వీడియో ఏదో పంపుతాడు. తనకు ఎవరో పంపింది మాకు తోస్తాడు. మధ్యాహ్నం అదే ఫోన్‌లో "ఏం కూర రా?" అంటాడు. రెండూ పంపేది ఒకే వేలు. ముప్ఫై ఐదేళ్ళ స్నేహం. వాడి అమ్మ చేసిన కుండలోనే మా ఇంట్లో పెళ్ళి బిర్యానీలు దమ్ అయ్యాయి. వాణ్ణి వదిలెయ్యమని మా పిల్లలు అంటున్నారు. వదిలేస్తే ఆ వీడియోలు తయారుచేసేవాడికి ఒక మనిషి పూర్తిగా దొరుకుతాడు. వదలకుండా మాట్లాడకుండా ఉంటే మా అన్న చెప్పిన లంచం అవుతుంది.

మొన్న జనవరిలో, అనపకాయల కాలంలో, ఒక వీడియో వచ్చిన రోజున, వాడు ఏం కూర అని అడిగితే మేము జవాబివ్వలేదు. మూడు రోజులు ఇవ్వలేదు. నాలుగో రోజు వాడే ఫోన్ చేశాడు. "ఏమప్పా, బాగలేదా ఒళ్ళు?" అన్నాడు. "నువ్వు పంపినదాంట్లో ఉండేది మేమే" అని చెప్పాం. "మా అమ్మీ, మా పిల్లలు. పేర్లు వేరే పెట్టినారు, అంతే. అది చూసిన రోజు మా ఇంట్లో తిండి సయించలేదు. ఏం కూర అని అడిగినావు గదా, చెప్తా ఉండాం." వాడు చాలాసేపు ఏమీ అనలేదు. అవతల బెంగళూరు ట్రాఫిక్ చప్పుడు వినిపిస్తోంది. మేము ఫోన్ పెట్టలేదు, వాడూ పెట్టలేదు.

కాసేపటికి, మీ పక్క పితికిపప్పు ఇంకా దొరుకుతా ఉందా అని అడిగాడు. దొరుకుతోందని చెప్పాం. బస్సులో పంపితే పాడవుతుందా అన్నాడు. పితికి పంపితే ఆ పూటే వండాలి, లేకుంటే ఫ్రిజ్‌లో రెండు రోజులు, కాయలుగా పంపితే నాలుగు రోజులు ఉంటాయని చెప్పాం. కాయలే పంపండి, మేమే కూచుని పితుక్కుంటాం, పిల్లోళ్ళకు ఆ పని తెలీదు అన్నాడు. పంపాం. ఆ తర్వాత ఇప్పటిదాకా వీడియో ఏదీ రాలేదు. రేపు వస్తుందో రాదో.